సెడాన్ కొంటే కింద తగులుతుందా? టేపు పట్టుకుని చూసుకోవాల్సిన లెక్క

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో పార్కింగ్. రోజూ ఆఫీసుకు మీరొక్కరే వెళ్తారు. నెలకోసారి అమ్మానాన్నలు, భార్య, బాబుతో కలిసి అయిదుగురూ సూర్యాపేట దాటి మీ ఊరికి ప్రయాణం. హోండా సిటీ, స్కోడా స్లావియా, మారుతి డిజైర్ చూసి పెట్టుకున్నారు. మీ మామయ్య గారేమో సెడాన్ అయితే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ కింద తగులుతుంది, బ్రెజా లాంటి ఎత్తు బండి తీసుకో అంటున్నారు. గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ. సరిపోతుందా, 179 ఉన్నదే తీసుకోవాలా, చాలకపోతే తర్వాత స్ప్రింగుల్లో రబ్బర్లు పెట్టించుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

వరంగల్‌లో సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ పనులు చేసే గ్యారేజీ నాది. కింద దెబ్బ తిని వచ్చే కార్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీరు చెప్పిన వాడకానికి సెడాన్ చక్కగా సరిపోతుంది. కానీ మూడింటిలో ఏది అన్నది బ్రోషర్ చూసి తేలేది కాదు. మీ సెల్లార్ ర్యాంప్, మీ ఊరి దారి తేలుస్తాయి. ఆ రెండు చోట్లా టేపు పెట్టి కొలుచుకోవచ్చు, అదేమంత కష్టం కాదు. ఎలాగో చెబుతాను.

ముందు కాగితం మీది అంకెలు. డిజైర్ 163, సిటీ 165, స్లావియా 179, బ్రెజా 198 మి.మీ. ఇవన్నీ ఖాళీ బండి కొలతలు. మనుషులు లేరు, సామాను లేదు. నేల నుంచి కారు మధ్య భాగంలో అన్నిటికంటే కిందికి ఉన్న గట్టి భాగం వరకు ఉన్న ఎత్తు అది. కొలతల ప్రమాణాలు మాత్రం పూర్తి లోడు వేసి కొలవమంటాయి. అందుకే ఒకే కారుకు ఒకచోట ఒక అంకె, ఇంకోచోట అంతకంటే 3, 4 సెంటీమీటర్లు తక్కువ అంకె కనిపిస్తుంది. రెండూ నిజమే కావచ్చు. ఒక కారు ఖాళీ కొలతను ఇంకో కారు లోడు కొలతతో పోల్చినప్పుడే తేడా వస్తుంది. ఆన్‌లైన్ పట్టికలు చూసి నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. కొన్ని కంపెనీల బ్రోషర్లలో అయితే ఈ అంకే ఉండదు.

మీరు ఒక్కరే ఆఫీసుకు వెళ్లినప్పుడు ఖాళీ కొలతకు సెంటీమీటరు అటూఇటుగా ఉంటుంది. అయిదుగురూ ఎక్కి డిక్కీ నిండితే సెడాన్ మామూలుగా 3 నుంచి 5 సెం.మీ. దిగుతుంది. అదీ వెనకవైపు ఎక్కువ. ముందు సీట్లో కూర్చున్న మనిషి బరువు ముందు, వెనక చక్రాల మధ్య పంచుకుపోతుంది. వెనక సీటు దాదాపు వెనక చక్రాల ముందే ఉంటుంది కాబట్టి అక్కడి బరువులో ఎక్కువ భాగం వెనక స్ప్రింగుల మీదే పడుతుంది. డిక్కీ ఆ చక్రాలకు ఇంకా వెనక. అక్కడ 50 కిలోల బియ్యం బస్తా వేస్తే వెనక స్ప్రింగుల మీద పడేది 50 కంటే ఎక్కువే, ఆ మేరకు ముందు భాగం కాస్త లేస్తుంది. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్, బ్రాకెట్లు, గ్యాస్ కలిపి వంద కిలోలకు దగ్గరి బరువు ఎప్పుడూ వెనకే కూర్చుని ఉంటుంది. కంపెనీ ఫిట్టింగ్ అయితే దానికి తగ్గ స్ప్రింగులు వేసి ఇస్తారు. బయట కిట్ బిగించినవాళ్లలో చాలామంది స్ప్రింగుల సంగతే పట్టించుకోరు, తర్వాత "వెనక కింద తగులుతోంది" అని మా దగ్గరికి వస్తారు.

కాబట్టి మీ అసలు అంకె 165 కాదు, ఊరికి వెళ్లే రోజు సుమారు 130. స్లావియా అయితే 140-145. బ్రెజా కూడా 198లో నిలబడదు, 160 దగ్గరకు వస్తుంది. ఈ లెక్కతో చూస్తేనే మామయ్య గారి మాట ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్. దేశంలో రోడ్డు హంప్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. ఆ ప్రమాణం పేరు ఐఆర్‌సీ-99. దాని ప్రకారం హంప్ ఎత్తు 10 సెం.మీ., రోడ్డు వెంట పొడవు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. గంటకు 25 కి.మీ. వేగంతో దాటడానికి తయారైన కొలతలు ఇవి. 10 సెం.మీ. ఎత్తు అనగానే కారు కింద 10 సెం.మీ. పోయిందనుకుంటాం. పోదు. హంప్ పొడవు 3.7 మీటర్లు, సిటీ వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, 2.6 మీటర్లు. అంటే కారు మధ్య భాగం హంప్ నడినెత్తిన ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ హంప్ మీదే ఉంటాయి, కారు మొత్తం హంప్‌తో పాటు లేస్తుంది. లెక్క వేస్తే సిటీ కింద హంప్ తినేది 5 సెం.మీ. మాత్రమే. డిజైర్ కింద 4.4, స్లావియా కింద 5.2. అయిదుగురు ఎక్కిన డిజైర్ కూడా ఆ హంప్ మీద ఏడెనిమిది సెంటీమీటర్ల ఖాళీతో దాటిపోతుంది. రూలు ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ ఏ సెడాన్‌కూ తగలదు.

తగిలేవి రూలు లేకుండా వేసినవి. ఊళ్లో ఒక ప్రమాదం జరుగుతుంది, జనం కోపంతో ఆ రాత్రికి రాత్రే సిమెంటు కలిపి అడుగున్నర, రెండడుగుల వెడల్పున అర అడుగు ఎత్తు దిమ్మ పోసేస్తారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, పిల్లలు రోడ్డు దాటే చోట లారీల వేగం తగ్గాలి కదా. కానీ ఆ సన్న దిమ్మ కారు కిందికి వచ్చేసరికి ముందు చక్రాలు దాటేసి ఉంటాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కి ఉండవు. కారు నేల మట్టాన ఉంటుంది, దిమ్మ మాత్రం పూర్తి 15 సెం.మీ. ఎత్తుతో మధ్యలో నిలబడుతుంది. ఇక్కడ వీల్‌బేస్ ఎంతయినా ఒకటే, కింద ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయన్నదే లెక్క. ఒక్కరే ఉన్న సిటీ అంచు మీద దాటుతుంది, కుటుంబంతో ఉన్న సిటీ తగులుతుంది. కుటుంబంతో ఉన్న స్లావియా కూడా తగులుతుంది, కాకపోతే కాస్త తక్కువ గీసుకుంటుంది. కాలనీల్లో బోల్టులతో బిగించే పసుపు, నలుపు రబ్బరు బ్రేకర్లు 5 నుంచి 7.5 సెం.మీ. మించవు. నడుము అదురుతుంది గానీ కారు కింద తగలదు.

వీల్‌బేస్ లెక్కలోకి వచ్చేది ర్యాంపుల దగ్గర. మీ కేసులో అసలు పరీక్ష ఇదే అని నా అభిప్రాయం. ఎందుకంటే ఊరి దారి నెలకోసారి, సెల్లార్ రోజుకు రెండుసార్లు. సెల్లార్ ర్యాంప్ పైకి వచ్చి రోడ్డుతో కలిసే చోట ఒక శిఖరం ఉంటుంది. ముందు చక్రాలు రోడ్డు మీదకు వచ్చాయి, వెనక చక్రాలు ఇంకా వాలు మీద ఉన్నాయి, ఆ శిఖరం సరిగ్గా కారు నడుము కింద ఉంటుంది. వాలు ఎనిమిది అడుగులకు ఒక అడుగు ఉంటే, ఆ శిఖరం సిటీ కింద 8 సెం.మీ. అడుగుతుంది. అంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. చోటు చాలక బిల్డరు అయిదుకు ఒకటి వాలు పెట్టేశాడనుకోండి, అదే శిఖరం సిటీ కింద దాదాపు 13 సెం.మీ., డిజైర్ కింద 12, స్లావియా కింద 13 పైచిలుకు అడుగుతుంది. ఖాళీ బండ్లలో మిగిలేది సిటీకి 36 మి.మీ., డిజైర్‌కు 42, స్లావియాకు 48. చూశారా, కాగితం మీద డిజైర్ సిటీ కంటే 2 మి.మీ. తక్కువ, ర్యాంపు మీద మాత్రం 6 మి.మీ. ఎక్కువ మిగులుతోంది. వీల్‌బేస్ 15 సెం.మీ. చిన్నది కావడం వల్ల వచ్చిన లాభం అది.

ఇప్పుడు అయిదుగురు ఎక్కితే 35 మి.మీ. తీసేయండి. సిటీకి మిగిలింది ఒక్క మిల్లీమీటరు.

ఇంకో సంగతి ఉంది, మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు బాగా తెలిసిందే. వాననీళ్లు సెల్లార్‌లోకి దిగకుండా ర్యాంప్ మొదట్లో, సరిగ్గా ఆ శిఖరం మీదే, ఒక సిమెంటు కట్ట కడతారు. ఎత్తు తక్కువే, రెండంగుళాలు. కానీ శిఖరం మీద కట్టిన ప్రతి అంగుళమూ నేరుగా కారు కింది ఖాళీలోంచి పోతుంది. అయిదుకు ఒకటి వాలు మీద రెండంగుళాల కట్ట ఉంటే కుటుంబంతో నిండిన బ్రెజాకు కూడా కింద గీసుకుంటుంది. నమ్మకం కలగకపోతే లెక్క వేసుకోండి. బ్రెజా వీల్‌బేస్ 2.5 మీటర్లు. శిఖరానికి 124, కట్టకు 50, లోడుకు 35, మొత్తం 209. ఉన్నది 198. అలాంటి ర్యాంప్ ఉన్నచోట కారు మార్చడం కంటే కట్టను మార్పించడం తేలిక. అసోసియేషన్‌తో మాట్లాడి, కట్ట తీసేసి అక్కడ అడ్డంగా కాలువ తవ్వి ఇనుప జాలీ వేయించవచ్చు. మీ ఒక్కరి సమస్య కాదు అది, సెల్లార్‌లో కారు పెట్టే అందరిదీ.

మీ ర్యాంప్ ఎంత అడుగుతుందో కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు. ఒకే ఎత్తున్న రెండు ఇటుకలు, గట్టి దారం, టేపు చాలు. ఇటుకలను శిఖరానికి అటొకటి ఇటొకటి, మీరు అనుకుంటున్న కారు వీల్‌బేస్ అంత దూరంలో నిలబెట్టండి. సిటీకి 2.6 మీటర్లు. ఒకదాని నెత్తి నుంచి ఇంకోదాని నెత్తికి దారం బిగించి లాగండి. ఇప్పుడు దారానికీ కింది సిమెంటుకూ మధ్య ఎక్కడ అన్నిటికంటే తక్కువ ఉందో అక్కడ కొలవండి. ఇటుక ఎత్తు 22 సెం.మీ., దారం కింద మిగిలింది 10 సెం.మీ. అయితే ఆ ర్యాంప్ 12 సెం.మీ. తింటోందన్నమాట. ఇటుకలను రెండింటినీ ఒక్కో అడుగు ముందుకు జరుపుతూ ఇదే పని మూడు నాలుగు చోట్ల చేయండి, అన్నిటిలో ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి. దానికి కదలికలో స్ప్రింగులు కుంగడానికి 2 సెం.మీ. కలపండి. మీ కారు లోడుతో ఉన్నప్పుడు కనీసం అంత ఎత్తు ఉండాలి. మీ ఊరి దిమ్మలకైతే దారం కూడా వద్దు, పక్కన స్కేలు నిలబెట్టి ఎత్తు చూసుకుంటే సరిపోతుంది.

ఆ 2 సెం.మీ. కలిపాక వచ్చిన అంకె వంద మి.మీ. దాటకుండా ఉంటే మూడు కార్లలో ఏదైనా తీసుకోండి. 130 దాటితే సిటీ పక్కన పెట్టి స్లావియా చూడండి. 150 దాటిందంటే ముందు ర్యాంప్ బాగు చేయించే మాట మాట్లాడండి.

ఊరి దారి గురించి. సూర్యాపేట దాకా హైవే, అక్కడి సంగతి చెప్పక్కర్లేదు. ఆ వేగాల్లో నేలకు దగ్గరగా ఉన్న సెడానే నిలకడగా పోతుంది, వెనక కూర్చున్న పెద్దవాళ్లకు ఊగుడు తక్కువ. హైవే దిగాకే జాగ్రత్త. మట్టి బాటల్లో ట్రాక్టర్ల వల్ల రెండు పక్కలా గాడులు పడి, మధ్యలో గట్టు లేస్తుంది. గాడుల్లోనే చక్రాలు దించి పోతే గట్టు కారు పొట్టను రాసుకుంటుంది. ఒక పక్క చక్రాలు గట్టు మీదకు, రెండో పక్క చక్రాలు బాట అంచుకు ఎక్కించి నెమ్మదిగా పోనివ్వాలి. వాన పడినప్పుడు గట్టు మెత్తబడి జారుతుంది, అప్పుడు ఆ బాటలోకి వెళ్లకపోవడమే మంచిది.

కోతల కాలంలో ఇంకో రెండు ప్రమాదాలు ఉంటాయి, కార్ల పట్టికలు రాసేవాళ్లు వీటి గురించి చెప్పరు. రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి పూట వడ్లు ఎత్తేస్తారు, రాళ్లు అక్కడే ఉండిపోతాయి. తలకాయంత రాయి ఇంజిన్ చాంబర్‌కు, అంటే ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టికి, సరిగ్గా తగిలే ఎత్తు. చాంబర్ పగిలి మా దగ్గరికి వచ్చే కార్లలో స్పీడ్ బ్రేకర్ల వల్ల వచ్చేవాటికంటే ఇలాంటి రాళ్ల వల్ల వచ్చేవే ఎక్కువ. డిసెంబరులో, ఏప్రిల్, మే నెలల్లో చీకటి పడ్డాక ఊరి రోడ్ల మీద వేగం తగ్గించండి. రెండోది, కందికట్టె, మినుము లాంటి పంటను నూర్పిడి కోసం రోడ్డు మీద పరిచే అలవాటు. అది సెడాన్ కింద చుట్టుకుని సైలెన్సర్ వేడికి అంటుకోగలదు. పక్కనుంచి దారి ఉంటే పక్కనుంచే పోండి. తప్పక దాని మీద నుంచి వెళ్లాల్సి వస్తే, దాటగానే ఆపి, దిగి, కింద ఏమైనా ఇరుక్కుందేమో చూడండి. ఆ పరిచిన దాని మీద మాత్రం ఆపకండి.

నడపడంలో ఒక్క అలవాటు మార్చుకుంటే చాలామందికి సగం తగలడం ఆగిపోతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కుతూ కూడా బ్రేకు మీద కాలు ఉంచేస్తారు. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు కిందికి దిగుతుంది, అంటే అసలు ఎత్తు కావాల్సిన క్షణంలోనే మనం దాన్ని తగ్గించుకుంటున్నాం. బ్రేకు పని దిమ్మకు ముందే అయిపోవాలి. చక్రం దిమ్మను తాకే సమయానికి కాలు తీసేయండి, ముక్కు లేస్తుంది. ముందు చక్రాలు దిగాక యాక్సిలరేటర్ తొక్కే తొందర కూడా వద్దు. ముందు భాగం దిగి కుంగి, మళ్లీ లేచే దాకా ఆగాలి. వేగంగా దిగితే ఆ కుంగుడులోనే కింద తగిలేది.

సన్న దిమ్మల మీద కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్ని ఎక్కించడం కూడా పని చేస్తుంది. ఎప్పుడూ ఏదో ఒక చక్రం దిమ్మకు దగ్గరగా ఉండి కారును ఎత్తి పెడుతుంది. అలా తిప్పేముందు ఎడమ అద్దం తప్పకుండా చూడండి, మన రోడ్ల మీద ఆ సందులోకి బైకు దూరకుండా ఉండదు. బాగా ఎత్తున్న దిమ్మ దగ్గర వెనక కూర్చున్న ఇద్దరిని దింపి దాటించి ఎక్కించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. బయల్దేరేముందు టైర్లలో గాలి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఫుల్ లోడుకు ఎంత రాసి ఉందో అంత పెట్టించండి. బరువైన సంచులను డిక్కీలో వెనక సీటుకు ఆనించి, ముందువైపుకు సర్దండి.

తగిలిన శబ్దాలన్నీ ఒకటి కాదు. జర్రుమని గీసుకున్న శబ్దం ముందు చక్రాల దగ్గర వస్తే అది చాలాసార్లు గాలి మళ్లించడానికి పెట్టిన ప్లాస్టిక్ పట్టీ. వంగేలాగే దాన్ని చేస్తారు, టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కోసారి కింద ప్లాస్టిక్ కవర్ క్లిప్పులు ఊడి వేలాడుతుంటుంది, క్లిప్పులు వేయిస్తే "కారు కిందకు దిగిపోయింది" అన్న ఫిర్యాదు పోతుంది. ఠంగుమని లోహం శబ్దం, స్టీరింగ్‌లోనో కాళ్ల కిందనో అదురు వస్తే మాత్రం ఆగాలి. పక్కకు తీసి ఇంజిన్ ఆపి, కింద నూనె చుక్కలు పడుతున్నాయా అని చూడండి. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ కింద కూడా చూడండి. ఎర్రటి నూనె డబ్బా గుర్తు వెలిగితే ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. దీంట్లో ఇన్సూరెన్స్ సంగతి కూడా ఉంది. రాయి తగిలి చాంబర్ పగిలితే మన కారుకు జరిగిన నష్టం కట్టే మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీలో చాంబర్ ఖర్చు వస్తుంది. నూనె కారిపోయాక నడిపి ఇంజిన్ పట్టేస్తే ఆ ఇంజిన్ ఖర్చు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకుని ఉంటే తప్ప. ఊరి దారి ఉన్న మీలాంటివాళ్లు ఆ కవర్ తీసుకోవాలి. అది ఉన్నా, నూనె కారుతోందని తెలిసి నడిపితే క్లెయిము నిలవడం కష్టం.

ఇక స్ప్రింగుల మధ్య పెట్టే రబ్బర్లు. కొత్త కారుకు వద్దు. గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ పని ఊడదీయడం మా గ్యారేజీలో మామూలైపోయింది. స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు దూర్చితే ఆ రెండు చుట్లు పని చేయడం మానేస్తాయి. ఎత్తు కాస్త పెరుగుతుంది, స్ప్రింగ్ బిరుసెక్కుతుంది. గుంతలో పడ్డ దెబ్బ స్ప్రింగ్ మింగాల్సింది పోయి పైనున్న స్ట్రట్ మౌంట్ మీద, బాడీ మీద పడుతుంది. రబ్బరుకు పక్కనున్న చుట్టు దగ్గర స్ప్రింగ్ విరిగిన కార్లు చూశాను. ముందు భాగం ఎత్తితే చక్రాల కోణాలు మారి అలైన్‌మెంట్ పోతుంది, యాక్సిల్ జాయింట్లు వంపు ఎక్కువై తొందరగా అరుగుతాయి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. వీటన్నిటికీ తోడు సస్పెన్షన్ వారంటీ గురించి కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఉంది. వెనక సీట్లో కూర్చునే మీ నాన్నగారి నడుముకు కలిగే కష్టం వేరే.

టైరు సైజు పెంచడం గురించి కూడా అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. 185/65 ఆర్15 తీసి 195/65 ఆర్15 వేస్తే టైరు వ్యాసం 13 మి.మీ. పెరుగుతుంది, కారు లేచేది అందులో సగం, ఆరున్నర. అరిగిపోయిన టైర్లు మార్చినా దాదాపు అంతే వస్తుంది. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మి.మీ., మార్చాల్సిన హద్దు 1.6. పాత కారు ఈమధ్యే తగలడం మొదలుపెట్టిందంటే నేను ముందు చూసేవి టైర్లు, గాలి, తర్వాత స్ప్రింగులు. ఆరేడేళ్లకు, బరువులు మోసిన బండి అయితే ఇంకా ముందే, స్ప్రింగులు దిగిపోతాయి. షాకర్లు మార్చితే ఎత్తు పెరుగుతుందనుకుంటారు. షాకర్ ఎత్తును మోయదు, స్ప్రింగ్ మోస్తుంది. షాకర్ చేసేది ఊగుడును ఆపడం. అది పోయినప్పుడు గుంతల్లో కారు లోతుగా కుంగి తగులుతుంది, అప్పుడు మార్చాల్సిందే. కానీ నిలబడ్డ కారు వెనక వంగి కనిపిస్తే కంపెనీ స్ప్రింగుల జత వేయించడమే మందు. చాంబర్‌కు అడ్డంగా కింద బిగించే ఇనుప సంప్ గార్డు మాత్రం రాళ్ల దారి ఉన్నవాళ్లకు పనికొస్తుంది. సెంటీమీటరు ఎత్తు పోయినా సరే, చాంబర్ దక్కుతుంది. మీ కారుకు కంపెనీ యాక్సెసరీగా ఇస్తే అదే వేయించండి, ఇంజిన్ కింద గాలి ఆడేలా రంధ్రాలు ఉన్నదై ఉండాలి.

మామయ్య గారితో వాదన పెట్టుకోకండి. మీ ఊరి చివరి రెండు మూడు కిలోమీటర్లు రాళ్లు తేలిన బాట అయితే, వానాకాలంలో కూడా అక్కడికి తప్పక వెళ్లాల్సి వస్తే, ఆయన చెప్పినట్టు బ్రెజానే మేలు. తారు రోడ్డు ఇంటిదాకా ఉంటే ఆయనను వెంటబెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లండి. షోరూం చుట్టూ తిరిగే టెస్ట్ డ్రైవ్ కాదు. కారును ఇంటికి రమ్మనండి, చాలా షోరూంలు ఒప్పుకుంటాయి. అయిదుగురూ ఎక్కండి, డిక్కీలో మీరు మామూలుగా తీసుకెళ్లే సామాను పెట్టండి. చదునైన చోట ఆపి, 12, 13, 14 సెం.మీ. ఎత్తున కత్తిరించుకున్న అట్టముక్కలను ఒక కర్రతో కారు మధ్య కిందికి తోసి చూడండి. ఎక్కడ ఆగిందో అదే మీ కారు అసలు గ్రౌండ్ క్లియరెన్స్. తర్వాత సెల్లార్‌లోకి దిగి, పైకి రండి. పైకి వచ్చేటప్పుడు మామయ్య గారిని బయట ర్యాంప్ పక్కన నిలబడి కిందికి వంగి చూడమనండి.

ఇటుకల కొలత తీశాక ఆ అంకె ఇక్కడ పెట్టండి. వెనక కూర్చునే ముగ్గురి బరువు ఉజ్జాయింపుగా, సీఎన్‌జీ ఆలోచన ఉందో లేదో కూడా రాయండి. మూడు కార్లకూ లెక్క వేసి చెబుతాను.